మోకరిల్లినందుకే ఆట ముగిసిందా?

2016 సెప్టెంబర్ 1. అమెరికాలోని శాన్‌డియాగో నగరం. ఫుట్‌బాల్ మైదానంలో జాతీయగీతం మొదలైంది. ప్రేక్షకులు లేచి నిలబడ్డారు. ఆటగాళ్లు వరుసగా నిలుచున్నారు. ఆ వరుసలో ఇద్దరు మాత్రం ఒక మోకాలు నేలకు ఆనించి మౌనంగా ఉండిపోయారు. ఒకరు కోలిన్ కేపర్నిక్. రెండోవాడు అతని సహచరుడు ఎరిక్ రీడ్. స్టేడియంలో ఈలలు, కేకలు చెలరేగాయి.

సరిగ్గా నాలుగు నెలలకు, 2017 జనవరి 1న, కేపర్నిక్ తన చివరి మ్యాచ్ ఆడాడు. అప్పటికి అతని వయసు 29 ఏళ్లు. ఒంట్లో సత్తువ ఉంది. ఆడాలన్న కోరిక ఉంది. కానీ ఆ తర్వాత 32 జట్లలో ఒక్క జట్టు కూడా అతనికి చోటు ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదు? ఈ ప్రశ్నకు అమెరికాలో రెండు జవాబులు వినిపిస్తాయి. "నోరు తెరిచినందుకు పొట్ట కొట్టారు" అన్నది ఒకటి. "అప్పటికే అతని ఆట అయిపోయింది, నిరసన ఒక సాకు మాత్రమే" అన్నది రెండోది. రెండు పక్షాలవారూ తమ మాటే నిజమని గట్టిగా నమ్ముతారు.

ఎక్కడో అమెరికా ఆటగాడి గొడవ మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. కానీ "నీకెందుకు బేటా, నీ ఉద్యోగం నువ్వు చూసుకో" అన్న మాట వినని ఇల్లు మనలో ఎన్ని ఉన్నాయి? నిజం మాట్లాడితే రోజీరోటీ పోతుందన్న భయం ఏ దేశంలోనైనా ఒక్కటే. ఆ భయంలో నిజం ఎంత, అతిశయం ఎంత అని తూచి చూసుకోవడానికి కేపర్నిక్ కథకు మించిన ఉదాహరణ ఈ కాలంలో దొరకడం కష్టం.

పైకి ఎదిగిన తీరు

ఇక్కడ చెబుతున్న ఫుట్‌బాల్ మన కుర్రాళ్లు మైదానాల్లో ఆడే సాకర్ కాదు. అండాకారపు బంతిని చేత పట్టుకుని ఎదుటి జట్టును తోసుకుంటూ ముందుకు సాగే అమెరికన్ ఫుట్‌బాల్. ఈ ఆటలో జట్టుకు ఇరుసు లాంటివాడు క్వార్టర్‌బ్యాక్. బంతి ఎవరికి విసరాలి, ఎప్పుడు తానే పరుగెత్తాలి అన్నది క్షణంలో తేల్చుకోవలసింది అతనే. ప్రతి జట్టులోనూ 53 మంది ఆటగాళ్లున్నా మైదానంలో ఆ స్థానం ఒక్కరిదే. అతనికి దెబ్బ తగిలితే ఆదుకోవడానికి ఒకరిద్దరిని బెంచిమీద ఉంచుతారు. కేపర్నిక్ వ్యవహారంలో ఈ బెంచి సంగతి చాలా ముఖ్యం.

1987లో మిల్వాకీలో పుట్టిన కేపర్నిక్‌ను ఒక తెల్లజాతి దంపతులు దత్తత తీసుకుని కాలిఫోర్నియాలో పెంచారు. నెవాడా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆటలో పేరు తెచ్చుకున్నాడు. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు అతన్ని ఎంపిక చేసుకుంది. 2012 నవంబర్‌లో ప్రధాన ఆటగాడు అలెక్స్ స్మిత్ తలకు దెబ్బ తగలడంతో కేపర్నిక్‌కు అవకాశం వచ్చింది. వచ్చిన అవకాశాన్ని అతను వదులుకోలేదు.

2013 జనవరిలో గ్రీన్‌బే జట్టుపై అతను బంతితో 181 గజాలు పరుగెత్తాడు. అంతవరకు ఏ క్వార్టర్‌బ్యాక్ కూడా ఒక మ్యాచ్‌లో అంత దూరం పరుగెత్తలేదు. ఆ మరుసటి నెలలోనే జట్టును సూపర్‌బౌల్ ఫైనల్‌కు చేర్చాడు. అక్కడ బాల్టిమోర్ రావెన్స్ చేతిలో 34-31 తేడాతో ఓడినా, గెలుపుకు కేవలం ఐదు గజాల దూరంలోకి వచ్చి ఆగిన జట్టు అది. 2014లో ఆరేళ్లకు గరిష్ఠంగా 12.6 కోట్ల డాలర్ల విలువైన ఒప్పందం కుదిరింది. అయితే అందులో కచ్చితంగా చేతికి వస్తుందన్న హామీ ఉన్నది కొంత భాగానికే. జట్టు వద్దనుకుంటే మిగతాది కాగితం మీదే ఉండిపోతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆటగాడి భద్రత ఎంత పలచనిదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

నిరసనకు ముందే దిగిన మెట్లు

ఇక్కడ న్యాయంగా ఒక విషయం ఒప్పుకోవాలి. కేపర్నిక్ ఆట నిరసనకు ముందే దిగజారడం మొదలైంది. 2014లో జట్టు ఎనిమిది మ్యాచ్‌లు గెలిచి ఎనిమిది ఓడింది. అతన్ని తీర్చిదిద్దిన కోచ్ జిమ్ హార్బా ఆ సీజన్ చివర జట్టును వీడాడు. 2015లో మొదటి ఎనిమిది మ్యాచ్‌లలో రెండే గెలవడంతో కేపర్నిక్‌ను పక్కనబెట్టి బ్లేన్ గాబర్ట్‌ను ఆడించారు. ఆ వెంటనే భుజం గాయంతో సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. భుజానికి, బొటనవేలికి, మోకాలికి శస్త్రచికిత్సలు జరిగాయి. 2015 నుంచి 2017 వరకు ఆ జట్టుకు ఏటా ఒక కొత్త కోచ్ వచ్చాడు. కోచ్ మారిన ప్రతిసారీ ఆట పద్ధతి మారుతుంది. పాత కోచ్ మెచ్చినవాడు కొత్త కోచ్‌కు నచ్చాలన్న నియమం లేదు.

ఆ విధంగా 2016 ఆగస్టు నాటికి కేపర్నిక్ సూపర్‌బౌల్ వీరుడు కాదు. గాయాల నుంచి కోలుకుంటూ, సొంత జట్టులోనే రెండో స్థానానికి దిగిన ఆటగాడు. "అతని ఆట ముందే అయిపోయింది" అనేవారి వాదనకు బలం ఇక్కడే ఉంది. ఆ బలాన్ని కాదనడం సత్యం కాదు.

నిరసన ఎందుకు?

ఆ నెలలోనే అతను నిరసన మొదలుపెట్టాడు. మొదటి రెండు సన్నాహక మ్యాచ్‌లలో జాతీయగీతం వేళ కూర్చునే ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. ఆగస్టు 26న మూడోసారి కూర్చున్నప్పుడు విలేకరుల కంట పడింది. నల్లజాతి వారిని అణచివేస్తున్న దేశపు పతాకం పట్ల గర్వం చూపుతూ నిలబడలేనని, పోలీసుల చేతుల్లో మనుషులు చనిపోతున్నా బాధ్యులు శిక్ష తప్పించుకుంటున్నారని అతను వివరించాడు.

సైనికులను అవమానించాడని దేశమంతా దుమారం రేగింది. ఆ సమయంలో మాజీ సైనికుడు, మాజీ ఆటగాడు నేట్ బోయర్ అతన్ని కలిశాడు. కూర్చోవడం కంటే మోకరిల్లడం గౌరవంగా ఉంటుందని, అమరులైన సైనికుల సమాధుల ముందు తోటి సైనికులు అలాగే మోకాలు వంచుతారని సలహా ఇచ్చాడు. కేపర్నిక్ ఆ సలహాను పాటించాడు. శాన్‌డియాగోలో మనం చూసిన దృశ్యం అలా వచ్చింది. పది లక్షల డాలర్లు సేవా సంస్థలకు ఇస్తానని కూడా ప్రకటించాడు. ఆ సీజన్ చివర సహచర ఆటగాళ్లు ధైర్యానికి, స్ఫూర్తికి ఏటా తమ ఓట్లతో ఇచ్చే లెన్ ఎష్మాంట్ అవార్డును అతనికే ఇచ్చారు. అతని వల్ల జట్టులో చీలిక వచ్చిందన్న విమర్శకు తోటివారు చెప్పిన జవాబుగా దీన్ని భావించవచ్చు.

అదే రోజుల్లో అతను ఇస్లాం స్వీకరించాడని, నిరసన వెనుక కారణం అదేనని ఒక వదంతి లేచింది. మన పాఠకుల్లోనూ కొందరు దీన్ని విని ఉండవచ్చు. అది నిజం కాదు. తనకు ఆ మతమంటే ఎంతో గౌరవమని, ముస్లిం మిత్రులు ఉన్నారని, అయితే తాను ముస్లింను కానని అతనే స్పష్టం చేశాడు. ఈ వదంతికి ముస్లింలంటే ఉన్న భయమే కారణమని కూడా అన్నాడు. అభిమానం కొద్దీ లేని బంధుత్వం కలుపుకోవలసిన అవసరం మనకు లేదు. అన్యాయాన్ని అన్యాయమనడానికి అతను మనవాడే అయి ఉండనక్కరలేదు.

అంకెలు ఏం చెబుతున్నాయి?

2016 సీజన్‌లో ఐదు మ్యాచ్‌లు గడిచాక గాబర్ట్ స్థానంలో కేపర్నిక్‌ను మళ్లీ దింపారు. అతను మొదలుపెట్టిన 11 మ్యాచ్‌లలో జట్టు గెలిచింది ఒక్కటే. షికాగోలో మంచు కురుస్తుండగా జరిగిన మ్యాచ్‌లో అతని విసుర్లతో వచ్చింది మొత్తం నాలుగే గజాలు. మధ్యలోనే అతన్ని బయటకు పిలిచారు. విమర్శకులు ఈ అంకెలనే చూపుతారు.

కానీ నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. అదే సీజన్‌లో అతని విసుర్లకు 16 టచ్‌డౌన్‌లు వచ్చాయి. ప్రత్యర్థుల చేతికి చిక్కినవి నాలుగు మాత్రమే. పరుగుతో మరో 468 గజాలు సాధించాడు. గొప్ప ఆట కాకపోవచ్చు, పనికిరాని ఆట మాత్రం కాదు. ఇక ఆ జట్టు రక్షణ విభాగం సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఏడాది లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు సమర్పించుకున్నది ఆ జట్టే. ఓటములన్నీ ఒక్కడి తలకు చుట్టడం సబబు కాదు.

2017 మార్చిలో కేపర్నిక్ తన ఒప్పందం నుంచి బయటికి వచ్చాడు. "తానే ఉద్యోగం వదులుకున్నాడు కదా" అని కొందరు అంటారు. కానీ అతను రాకపోయినా తామే తొలగించేవారమని కొత్త జనరల్ మేనేజర్ జాన్ లించ్ తర్వాత చెప్పాడు. కొత్త కోచ్ కైల్ షానహాన్ పద్ధతికి అతను సరిపోడని అనుకున్నారు. ఇంతవరకు జరిగినదాన్ని ఆట లెక్కగానే చూడవచ్చు. అసలు ప్రశ్న ఆ తర్వాత మొదలైంది.

లీగ్‌లో 32 జట్లు. ఒక్కోదానికి ఇద్దరు ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు. అంటే దాదాపు 70, 80 మందికి పని ఉంటుంది. అంతమందిలో కేపర్నిక్ పనికిరాడా? 2017 మేలో సియాటిల్ జట్టు అతన్ని పిలిపించి మాట్లాడింది. అతను మొదటి స్థానంలో ఆడదగినవాడని, తమకు ఆ స్థానంలో వేరొకరు ఉన్నారని చెప్పి కోచ్ పీట్ కారల్ పంపేశాడు. ఆ తర్వాత రెండో ఆటగాడిగా ఆస్టిన్ డేవిస్‌ను తీసుకున్నారు. "నువ్వు ఈ చిన్న పనికి తగినవాడివి కావు, పెద్దవాడివి" అంటూ చిన్న పని కూడా ఇవ్వకపోవడం ఉద్యోగాల వేటలో మన పిల్లలకూ తెలిసిన మర్యాదే!

ఆగస్టులో మయామి జట్టు క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడు. ఆట మానేసి టీవీ వ్యాఖ్యాతగా చేరబోతున్న 34 ఏళ్ల జే కట్లర్‌ను వెనక్కి పిలిపించి కోటి డాలర్లకు తీసుకున్నారు. కట్లర్‌కు అక్కడి కోచ్‌తో పాత పరిచయం ఉన్నమాట నిజమే. బాల్టిమోర్ జట్టు కూడా కేపర్నిక్ గురించి ఆలోచించి, ఆఖరుకు వద్దనుకుంది. ప్రతి జట్టుకూ విడివిడిగా ఒక కారణం ఉంది. ప్రతి కారణమూ వినడానికి బాగానే ఉంది. అన్నీ కలిపి చూస్తేనే అనుమానం వస్తుంది. ఒక ఇంటి తలుపు తెరుచుకోకపోతే ఇంట్లో ఎవరూ లేరనుకోవచ్చు. వీధిలోని 32 తలుపులూ తెరుచుకోకపోతే ఏమనుకోవాలి?

మోకరిల్లిన మిగతావారు ఏమయ్యారు?

నిరసన ఒక్కటే ఆటను ముగించేదైతే, నిరసన తెలిపిన అందరి ఆటా ముగియాలి. అలా జరగలేదు. ఫిలడెల్ఫియా ఆటగాడు మాల్కమ్ జెంకిన్స్ 2016 నుంచి జాతీయగీతం వేళ పిడికిలి ఎత్తాడు. అతను 2018 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ గెలిచి, 2021 సీజన్ వరకు ఆడాడు. మరికొందరూ నిరసన తెలుపుతూనే జట్లలో కొనసాగారు.

ఎరిక్ రీడ్ కథ మరో రకం. కేపర్నిక్ పక్కన మోకరిల్లిన ఇతను 2018లో ఒప్పందం ముగిశాక నెలల తరబడి ఖాళీగా ఉన్నాడు. సీజన్ మొదలైన తర్వాత, సెప్టెంబర్ చివర, కరోలినా జట్టు తీసుకుంది. అక్కడ బాగా ఆడి మూడేళ్ల ఒప్పందం కూడా పొందాడు. 2020 మార్చిలో తొలగించాక మళ్లీ ఏ మ్యాచ్ ఆడలేదు. అప్పటికి అతని వయసు 28.

దీన్నిబట్టి ఒక సూత్రం తడుతుంది. జట్టుకు తప్పనిసరి అయిన ఆటగాడు నిరసన తెలిపితే యజమాని పళ్లు బిగబట్టి భరిస్తాడు. అతని స్థానంలో మరొకరిని తెచ్చుకోగలిగితే భరించడు. కేపర్నిక్ 2013లో ఉన్న స్థాయిలో ఉండి మోకరిల్లి ఉంటే బహుశా ఆడుతూనే ఉండేవాడు. అతను మోకరిల్లే నాటికి అంచున ఉన్నాడు. అంచున ఉన్నవాణ్ణి తొయ్యడానికి పెద్ద బలం అక్కరలేదు.

ఆ బలం కూడా చిన్నదేమీ కాదు. 2017 సెప్టెంబర్ 22న అలబామా సభలో అధ్యక్షుడు ట్రంప్, నిరసన తెలిపే ఆటగాళ్లను యజమానులు మైదానం నుంచి గెంటేయాలని పిలుపునిచ్చాడు. టీవీ ప్రేక్షకులు తగ్గుతున్న రోజులవి. టిక్కెట్లు కొనేవారు, ప్రకటనలు ఇచ్చేవారు దూరమవుతారని యజమానులు భయపడ్డారు. ఆ మరుసటి ఆదివారం లండన్‌లో జరిగిన మ్యాచ్‌లో జాక్సన్‌విల్ జట్టు యజమాని షాహిద్ ఖాన్ తన ఆటగాళ్లతో చేతులు పెనవేసి నిలబడ్డాడు. లాహోర్‌లో పుట్టి, అమెరికాలో కారు విడిభాగాల వ్యాపారంతో కోటీశ్వరుడైన ముస్లిం ఆయన. ఆ దృశ్యం చాలామందిని కదిలించింది. అయితే కేపర్నిక్‌ను తీసుకోని 32 జట్లలో ఆయన జట్టు కూడా ఒకటని మరచిపోరాదు.

ఇరవై ఏళ్ల ముందు ఒక అబ్దుల్ రవూఫ్

ఈ కథకు ఇరవై ఏళ్ల ముందే ఒక ముందుమాట ఉంది. అది బాస్కెట్‌బాల్ మైదానంలో జరిగింది. మిసిసిపీలోని గల్ఫ్‌పోర్ట్‌లో పుట్టిన క్రిస్ జాక్సన్ 1991లో ఇస్లాం స్వీకరించి, 1993లో మహమూద్ అబ్దుల్ రవూఫ్‌గా పేరు మార్చుకున్నాడు. తన అదుపు లేకుండా శరీరం ఉలిక్కిపడే టూరెట్ వ్యాధిని చిన్ననాటి నుంచి భరిస్తూనే డెన్వర్ జట్టులో అగ్రశ్రేణి ఆటగాడయ్యాడు. ఫ్రీత్రోలు వేయడంలో 1994, 1996 సీజన్లలో లీగ్ మొత్తానికి అతనే మొదటివాడు.

1995-96 సీజన్‌లో అతను జాతీయగీతం వేళ నిలబడటం మానేశాడు. ఆ పతాకం కొందరికి స్వేచ్ఛకు గుర్తయినా మరికొందరికి అణచివేతకు గుర్తని, దేవునికి తప్ప దేనికీ ఆ స్థాయి భక్తి చూపలేనని అతని వాదన. 1996 మార్చి 12న లీగ్ అతన్ని సస్పెండ్ చేసింది. ఆడని ప్రతి మ్యాచ్‌కు 31,707 డాలర్లు కోత! ముస్లింలలోనే భిన్నాభిప్రాయాలు వచ్చాయి. మంచి ముస్లిం మంచి పౌరుడిగా ఉండాలని, దేశాన్ని గౌరవించాలని నాటి మేటి ఆటగాడు హకీమ్ ఒలాజువాన్ అభిప్రాయపడ్డాడు. ఒక్క మ్యాచ్ తర్వాత రాజీ కుదిరింది. రవూఫ్ నిలబడతాడు, కానీ తల వంచి, చేతులెత్తి తనలో తాను దువా చేసుకుంటాడు. బాధల్లో ఉన్నవారందరి కోసం దువా చేస్తానని అతను చెప్పాడు.

రాజీ కుదిరింది కాబట్టి కథ సుఖాంతమైందా? ఆ సీజన్‌లో అతను మ్యాచ్‌కు సగటున 19.2 పాయింట్లు సాధించాడు. మైకేల్ జోర్డాన్ ఉన్న, ఆ ఏడాది పదంటే పది మ్యాచ్‌లు ఓడిన షికాగో జట్టును ఓడించిన రోజు 32 పాయింట్లు చేశాడు. అయినా సీజన్ ముగియగానే డెన్వర్ అతన్ని శాక్రమెంటో జట్టుకు ఇచ్చేసింది. అక్కడ ఆడించే సమయం తగ్గుతూ వచ్చింది. రెండేళ్లలో సగటు మొదట 13.7కు, తర్వాత 7.3కు పడిపోయింది. 1998లో ఒప్పందం ముగిసేసరికి 29 ఏళ్లకే తలుపులు మూసుకున్నాయి. తుర్కియేకు వెళ్లి ఆడాడు. 2000-01లో వాంకూవర్ జట్టుకు ఒక్క సీజన్ ఆడాక మళ్లీ పిలుపు రాలేదు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఆడుతూ పొట్టపోసుకున్నాడు.

కేపర్నిక్ విషయంలో "ఆట దిగజారింది" అనే జవాబు ఉంది. రవూఫ్ విషయంలో ఆ జవాబు అంత సులువుగా అతకదు. నిరసన నాటికి అతను తన ఆటలో ఉచ్ఛదశలో ఉన్నాడు. ఆడించే సమయం తగ్గించాక అంకెలు తగ్గాయి. అంకెలు తగ్గాయి కనుక ఒప్పందం రాలేదు. పైకి చూస్తే అన్నీ ఆట కారణాలే. నిరసనకు శిక్ష వేసినట్టు ఎక్కడా ఒక్క కాగితం ఉండదు. ఇలాంటి శిక్షలోని తెలివి అంతా ఇందులోనే ఉంది. చివరకు 2020లో అతను చదివిన లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం అతని 35వ నంబరు జెర్సీని మరెవరికీ ఇవ్వబోమని గౌరవం ప్రకటించింది.

అలీకి దొరికినది, వీరికి దొరకనిది

ఇక్కడ ముహమ్మద్ అలీ గుర్తుకు రావడం సహజం. వియత్నాం యుద్ధానికి పోనని 1967 ఏప్రిల్‌లో నిరాకరించినందుకు ఆయన టైటిల్ లాక్కున్నారు. ఐదేళ్ల జైలు, పదివేల డాలర్ల జరిమానా విధించారు. అప్పీలు సాగినంత కాలం జైలుకు వెళ్లకపోయినా, దాదాపు మూడున్నరేళ్లు బరిలోకి దిగలేకపోయారు. 1970 అక్టోబర్‌లో మళ్లీ దిగారు. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. అలీ తిరిగి రాగలిగారు, ఎందుకంటే బాక్సింగ్ ఒంటరి ఆట. ఒక్క నగరం లైసెన్సు ఇస్తే చాలు, ఒక్క ప్రత్యర్థి దొరికితే చాలు. జట్టు ఆటలో అలా కాదు. యజమాని పిలవనిదే మైదానంలో కాలు పెట్టలేరు.

సాకర్‌లో ఇటీవలి ఉదాహరణ అన్వర్ అల్ ఘాజీ. మొరాకో మూలాలున్న ఈ డచ్ ఆటగాణ్ణి, పాలస్తీనాకు మద్దతుగా సామాజిక మాధ్యమాల్లో రాసిన రాతల కారణంగా 2023 నవంబర్‌లో జర్మనీకి చెందిన మైంజ్ క్లబ్ తొలగించింది. ఆ రాతలు తమకు ఆమోదయోగ్యం కావని క్లబ్ వాదించింది. 2024 జులైలో అక్కడి కార్మిక న్యాయస్థానం ఆ తొలగింపు చెల్లదని తీర్పు చెప్పింది. మరుసటి నెలలోనే అతను కార్డిఫ్ జట్టులో చేరాడు. రావలసిన జీతంలోంచి ఐదు లక్షల యూరోలు గాజా పిల్లల కోసం ఇస్తున్నట్టు ప్రకటించాడు. అతనికి న్యాయం జరగడానికి ముఖ్య కారణం ఒకటుంది. అతన్ని తొలగించారు. తొలగింపుకు కాగితం ఉంది, తేదీ ఉంది, కారణం ఉంది. కోర్టు దాన్ని చేతిలోకి తీసుకుని పరిశీలించగలిగింది. కేపర్నిక్‌ను ఎవరూ తొలగించలేదు. ఎవరూ తీసుకోలేదు, అంతే. తీసుకోకపోవడానికి కాగితం ఉండదు.

చట్టం అడిగే ప్రశ్న వేరు

2017 అక్టోబర్‌లో కేపర్నిక్ ఫిర్యాదు చేశాడు. జట్ల యజమానులు కుమ్మక్కై తనను దూరం పెట్టారని ఆరోపించాడు. ఆటగాళ్ల సంఘానికి, లీగ్‌కు మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం జట్లు కలసికట్టుగా ఒక ఆటగాణ్ణి వెలివేయడం నేరం. కానీ ఏ జట్టుకా జట్టు విడిగా "మనకెందుకీ తలనొప్పి" అనుకుంటే అది నేరం కాదు. కాబట్టి "నిరసన వల్లే పని పోయిందా?" అన్నది ఆ విచారణలో ప్రశ్నే కాదు. "యజమానులు మాట్లాడుకుని చేశారా?" అన్నదే ప్రశ్న. అవునన్నా కాదన్నా రెండో ప్రశ్నకే జవాబు వస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది రెండింటినీ కలిపేస్తారు.

అమెరికా రాజ్యాంగం వాక్ స్వాతంత్ర్యం ఇచ్చింది కదా అంటారు. ఇచ్చింది, ప్రభుత్వం నోరు నొక్కకుండా ఇచ్చింది. ప్రైవేటు యజమాని పనిలో పెట్టుకోవాలన్న హామీ అందులో లేదు.

ఫిర్యాదును విచారణ లేకుండా కొట్టేయాలన్న లీగ్ కోరికను 2018 ఆగస్టులో మధ్యవర్తి తిరస్కరించాడు. అంటే విచారించదగ్గ సరుకు అందులో ఉందన్నమాట. కానీ పూర్తి విచారణ జరగలేదు. 2019 ఫిబ్రవరిలో కేపర్నిక్, రీడ్‌లతో లీగ్ రాజీ చేసుకుంది. షరతులు రహస్యం. రాజీని నేరాంగీకారమని అభిమానులు, ఓటమి అని విరోధులు చెప్పుకున్నారు. రెండూ కాదు. సాక్ష్యాలు బయటికి రాకుండానే తలుపు మూశారు, అంతవరకే చెప్పగలం.

ఆ ఏడాది నవంబర్‌లో లీగ్ అట్లాంటాలో అతని ఆటను పరీక్షించే ఏర్పాటు చేసింది. సంతకం పెట్టవలసిన పత్రం మీద, విలేకరుల ప్రవేశం మీద తగాదా వచ్చి, అతను మరో ఊరి స్కూలు మైదానానికి వెళ్లి కొద్దిమంది జట్ల ప్రతినిధుల ముందు ఆడి చూపాడు. పిలుపు రాలేదు. 2020 మేలో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు మోకాలి కింద ప్రాణం విడిచాడు. మోకాలు వంచి ఇతను చెప్పిన మాట అప్పుడు లోకమంతటికీ అర్థమైంది. జూన్‌లో లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్, ఆటగాళ్ల మాట ముందే వినకపోవడం తప్పని ఒప్పుకున్నాడు. ఆ ప్రకటనలో కేపర్నిక్ పేరు మాత్రం లేదు. 2022లో లాస్‌వేగస్ జట్టు పిలిచి ఆట చూసింది. తీసుకోలేదు. అప్పటికి 34 ఏళ్లు నిండాయి. ఐదేళ్ల ఖాళీ తర్వాత వద్దనడానికి ఆట కారణమే చాలు. మొదటి ఏడాది లేని కారణాన్ని కాలం పుట్టించి ఇచ్చింది!

మన నేల మీది తీర్పు

జాతీయగీతం చిక్కు మన దేశంలోనూ వచ్చింది. 1985లో కేరళలో యెహోవా సాక్షులకు చెందిన ముగ్గురు పిల్లలు గీతం వేళ గౌరవంగా లేచి నిలబడినా, మత విశ్వాసం కారణంగా గొంతు కలపలేదని బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. గౌరవంగా నిలబడితే చాలు, పాడి తీరాలన్న చట్టం లేదని తేల్చింది. ఆ తీర్పు రాసినది జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన తెలుగు బిడ్డ ఆయన. అబ్దుల్ రవూఫ్ పదేళ్ల తర్వాత చేసుకున్న రాజీకి, ఈ తీర్పుకు ఉన్న పోలిక గమనార్హం. అయితే ఆ పిల్లలకు రాజ్యాంగం అండగా నిలిచింది. రవూఫ్‌కు తన ఆటే అండ. అది తగ్గగానే అండ పోయింది.

తూకం ఎటు?

మరి అసలు ప్రశ్నకు జవాబేమిటి? ఉన్న సాక్ష్యాన్ని తూచితే ఇలా అనిపిస్తుంది. కేపర్నిక్ మొదటి స్థానం పోవడానికి గాయాలు, ఓటములు, కోచ్‌ల మార్పు కారణం. అది నిరసనకు ముందే జరిగింది. కానీ బెంచి మీద కూడా చోటు లేకపోవడానికి ఆ కారణాలు చాలవు. అతనికంటే తక్కువ ఆడినవారికి, ఆట మానేసినవారికి కూడా అక్కడ చోటు దొరికింది. ఆట అతన్ని మెట్టు దింపింది. నిరసన గడప దాటించింది. రెండూ నిజమే. ఒక నిజాన్ని చెప్పి రెండోదాన్ని దాచడం న్యాయం కాదు.

ఇందులో మన ఇళ్లకు పనికివచ్చే సంగతి ఒకటుంది. మన పిల్లవాడికి ఉద్యోగం రాకపోతే వెంటనే "మన పేరు చూసే ఇవ్వలేదు" అంటాం. కొన్నిసార్లు అది నిజం. కొన్నిసార్లు మార్కులు చాలకపోవడం నిజం. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. పేరు అడ్డమైనచోట మార్కుల లోటు ఇంకాస్త పెద్దదిగా కనిపిస్తుంది. అన్యాయాన్ని నిలదీయాలనుకునేవాడు ముందు తన లెక్క తాను నిజాయితీగా చూసుకోవాలి. అప్పుడే ఎదుటివాడి లెక్కలోని దొంగతనం పట్టుకోగలడు.

అలాగని నోరు మూసుకోవడమే మేలని ఈ కథ చెప్పడం లేదు. మూల్యం ఉంటుందని, ఆ మూల్యం అందరికీ ఒకేలా పడదని చెబుతోంది. స్థిరంగా ఉన్నవాడికి తక్కువ, అంచున ఉన్నవాడికి ఎక్కువ. అందుకే అంచున ఉన్నవాడు నిజం మాట్లాడినప్పుడు పక్కన నిలబడవలసిన బాధ్యత స్థిరంగా ఉన్నవారిదే. కేపర్నిక్ పక్కన ఆ రోజు మోకాలు వంచినవాడు ఒక్కడే. లీగ్‌లోని పెద్దలు, పేరు పోయినా పొట్ట గడిచేవారు, మొదటి వారమే ఓ పదిమంది వంచి ఉంటే 32 తలుపులూ ఒకేసారి మూయడం అంత తేలిక అయ్యేది కాదేమో!